గుమ్మంలో కూర్చున్న ఫిడేలు

(నార్త్ కరోలినాలోని క్యారీలో, తెలుగు మిత్రులు కలుసుకునే ఆదివారం సభలో చేసిన ప్రసంగం. శ్రోతల ప్రశ్నలు, జవాబులు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మన సభల్లో మామూలుగా సాహిత్యం మాట్లాడుకుంటాం, అది అయిపోతే గ్రీన్ కార్డు మాట్లాడుకుంటాం. (నవ్వులు) ఈసారి మనవాళ్ళు నన్ను అమెరికా పాత సంగీతం గురించి చెప్పమన్నారు. గంట దాటకూడదు, ఎవరూ కునుకు తీయకూడదు అని షరతు కూడా పెట్టారు. అందుకని అమెరికా మొత్తాన్ని నెత్తికెత్తుకోను. మనం కూర్చున్న ఈ హాలు నుంచి కారులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో పుట్టిన కొందరు ముసలివాళ్ళ గురించి చెప్తాను.

వీకెండ్ వస్తే మనం కొండలకు పోతాం. దారిలో హిల్స్‌బరో, మెబిన్, మోర్గంటన్ అని ఎగ్జిట్ బోర్డులు కనిపిస్తుంటాయి. మనకు మెబిన్ అంటే ఔట్‌లెట్ మాల్. డీల్స్ ఉన్నప్పుడు తప్ప ఆ ఎగ్జిట్ తీసుకోం. ఇక్కడి జానపద సంగీతం తెలిసినవాళ్ళకు ఆ ఊరి పేరు చెబితే మాత్రం ఒక ఫిడేలు గుర్తొస్తుంది. దాని దగ్గరికి వస్తాను.

నల్లజాతివాళ్ళ బ్లూస్ పాటలు కానీ, ఫిడేలు, బాంజో అనే తీగల వాద్యాల మీద వాయించే పాటలు కానీ, చర్చి పాటలు కానీ, ఇక్కడ వీటన్నిటినీ కలిపి రూట్స్ మ్యూజిక్ అంటున్నారు. ఈ సంగీతాన్ని పండించినవాళ్ళలో చాలామంది అరవై, డెబ్బై దాటాక, చిన్న చిన్న గదుల్లో, ఎదురుగా యాభై అరవై మంది కూర్చుని ఉండగా పాడారు. వయసు మళ్ళింది, పెద్ద స్టేజీ దొరకలేదు, అందుకే చిన్న గదికి సర్దుకున్నారు అని చాలామంది అనుకుంటారు. నేను చెప్పదలుచుకున్నది అందుకు ఎదురు మాట. ఆ గదే వాళ్ళ అసలు చోటు. పెద్ద స్టేజీకి ఎక్కినప్పుడే సర్దుకోవలసి వచ్చింది.

ముందు ఎలిజబెత్ కాటన్. అందరూ లిబ్బా అనేవారు. 1893లో క్యారబోరోలో పుట్టింది. ఇక్కడి నుంచి అరగంట. ఇంటి పక్కనే రైలు పట్టాలు. చిన్నప్పుడు అన్న బాంజోని దొంగతనంగా తీసి వాయించేది. చిన్నప్పుడే చదువు ఆగిపోయింది, ఇళ్ళల్లో పనికి కుదిరింది. నెలకు 75 సెంట్లతో మొదలైన జీతం కూడబెట్టి, మూడు డాలర్ల 75 సెంట్లు పెట్టి ఒక స్టెల్లా గిటార్ కొనుక్కుంది. పన్నెండేళ్ళు నిండేలోపే ఆ రైలు మీద ఒక పాట కట్టింది. అదే "ఫ్రైట్ ట్రైన్".

ఇక్కడ కాస్త ఆగి ఆవిడ చేతుల్ని చూడాలి. ఆవిడది ఎడమచేతి వాటం. గిటార్ కుడిచేతివాళ్ళది. ఎడమచేతి వాటం వాళ్ళు మామూలుగా తీగలు విప్పి తారుమారు చేసి మళ్ళీ బిగించుకుంటారు. ఈవిడకు నేర్పిన గురువు లేడు కాబట్టి అలా చెయ్యాలని చెప్పినవాళ్ళూ లేరు. గిటార్‌ని ఉన్నదున్నట్టు తిప్పి పట్టుకుంది. అప్పుడేమవుతుంది? లావు తీగలు కిందికి, సన్న తీగలు పైకి పోతాయి. మిగతా ప్రపంచమంతా బొటనవేలితో లావు తీగల మీద తాళం వేస్తూ, వేళ్ళతో సన్న తీగల మీద పాట వాయిస్తుంది. ఈవిడకు వేళ్ళు తాళం వేస్తాయి, బొటనవేలు పాట పాడుతుంది. బొటనవేలికి బరువెక్కువ కదా, అందుకని ఆవిడ పాటలో రాగం ఒక గుండ్రటి బరువుతో వస్తుంది. రికార్డులో వింటే ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. నాలుగడుగుల దూరంలో కూర్చుంటే ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో కంటితో చూడొచ్చు. చాలామంది గిటారిస్టులు ఆవిడ పద్ధతి నేర్చుకున్నారు, కానీ గిటార్ తిప్పి పట్టుకోవడం దగ్గరికొచ్చేసరికి ఎక్కువమంది వెనక్కి తగ్గారు.

పెళ్ళయ్యాక చర్చిలో పెద్దలు ఈ లౌకిక పాటలు మానేయమన్నారు. మానేసింది. ఏదో నెలా రెండు నెలలు కాదు, దశాబ్దాలు. తర్వాత వాషింగ్టన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పని చేస్తుంటే, తప్పిపోయిన ఒక చిన్న పిల్లను తీసుకొచ్చి తల్లికి అప్పగించింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, స్వరకర్త. ఆ పిల్ల పెగ్గీ సీగర్. సీగర్ వాళ్ళది జానపద సంగీతానికే అంకితమైన కుటుంబం. ఆవిడ వాళ్ళింట్లో వంటకీ ఇంటి పనికీ చేరింది. అమెరికా మూలమూలలా పాటలు వెతికేవాళ్ళ వంటింట్లో ఒక మహా గాయని రొట్టెలు చేస్తోందని కొన్నేళ్ళ దాకా వాళ్ళకే తెలియదు! గోడకు తగిలించిన గిటార్ తీసి వాయిస్తుంటే పిల్లలు విన్నారు. అప్పుడు తెలిసింది.

1957-58లో ఆ ఇంటి కొడుకు మైక్ సీగర్ టేప్ రికార్డర్ పట్టుకుని ఆవిడ ఇంటికే వెళ్ళి రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ కంపెనీ ఆల్బమ్‌గా తెచ్చింది. ఈలోపు, 1957లోనే, ఆ రైలు పాట ఇంగ్లండ్‌లో హిట్ అయి కూర్చుంది. రికార్డు మీద రచయితలుగా ఎవరో ఇద్దరు మగవాళ్ళ పేర్లు. పోరాడితే గానీ లిబ్బా పేరు పక్కన చేరలేదు. 1960లో, అరవై ఏడేళ్ళ వయసులో, స్వార్థ్‌మోర్ కాలేజీలో మైక్‌తో కలిసి మొదటిసారి జనం ముందు పాడింది. అక్కడి నుంచి దాదాపు చనిపోయేదాకా, అంటే 1987 దాకా, పాడుతూనే ఉంది. 1985లో గ్రామీ వచ్చేనాటికి ఆవిడకు తొంభై దాటాయి. ఆ అవార్డు వచ్చింది స్టూడియో రికార్డుకు కాదు, లైవ్ కచేరీల రికార్డుకు. అది ముఖ్యం.

ఎందుకు ముఖ్యం అంటే, ఆ రికార్డులో పాటలతో పాటు ఆవిడ మాటలు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు గిటార్ ఎలా కొనుక్కుందో చెబుతుంది, జనాన్ని నవ్విస్తుంది, పాడమంటుంది. జనం పాడతారు. ఆవిడ కొద్దిగా తగ్గి వాళ్ళకు చోటిస్తుంది. మీరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే "ఈ జనం గోల ఏంటి" అనిపించొచ్చు. ఆ గోల తీసేస్తే పాట సగమే మిగులుతుంది. ఇంట్లో కూడా ఆవిడ పద్ధతి ఇదే. "షేక్ షుగరీ" అనే పాటకు చరణాలు మునిమనవలు రాత్రి పడుకోబోయే ముందు తలొకటీ కట్టారు. 1967 ఆల్బమ్‌లో ఆ పాట పాడింది కూడా ఆవిడ కాదు, పన్నెండేళ్ళ మునిమనవరాలు బ్రెండా. ముసలావిడ వెనకాల గిటార్ వాయించింది, అంతే.

ఇప్పుడు మెబిన్ ఫిడేలు.

జో థాంప్సన్. 1918లో పుట్టాడు. నల్లజాతి రైతు కుటుంబం. తండ్రి ఫిడేలు వాయించేవాడు, ఆయన తండ్రి కూడా. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళతో వచ్చిన వాద్యం, ఫిడేలు యూరప్‌ది. ఆ రెంటినీ కలిపి నాట్యానికి వాయించే సంప్రదాయం దక్షిణాదిన నల్లవాళ్ళ చేతుల్లో వందేళ్ళకు పైగా నడిచింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆ సంగతి జనం మర్చిపోయారు. బాంజో అంటే తెల్లవాళ్ళ కొండ సంగీతం అన్న ముద్ర పడిపోయింది. పాత సంప్రదాయాన్ని వదలకుండా పట్టుకున్న బహుకొద్ది మందిలో జో, ఆయన కజిన్ ఓడెల్ ఉన్నారు. ఓడెల్ బాంజో, జో ఫిడేలు.

వీళ్ళు చిన్నప్పుడు వాయించింది కచేరీల్లో కాదు. చలికాలం ముందు మొక్కజొన్న కండెలు ఒలిచే పని ఉంటుంది. ఇరుగుపొరుగు అందరూ ఒక ఇంటికి వచ్చి పని చేసిపెడతారు. పనయ్యాక భోజనం, ఆ తర్వాత నాట్యం. దీన్నే వాళ్ళు ఫ్రాలిక్ అనేవారు. ఇల్లు ఎంత? రెండు గదులు. సామాన్లన్నీ బయట పెట్టేసేవారు. ఈ గదిలో ఎనిమిది మంది, ఆ గదిలో ఎనిమిది మంది. వాయించేవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి? రెండు గదుల మధ్య గుమ్మంలో. అక్కడైతేనే రెండు పక్కలా వినపడుతుంది. మైకు లేదు కదా.

ఆ గుమ్మంలో కూర్చున్న మనిషిని ఊహించుకోండి. ఆయన ముందు శ్రోతలు లేరు. అటూ ఇటూ ఆడేవాళ్ళున్నారు. వాళ్ళ అడుగు తగ్గితే ఈయన చెయ్యి పెంచాలి. చెక్క నేల మీద పదహారు జతల బూట్లు పడుతుంటే అదే డప్పు. ఎవరూ నిశ్శబ్దంగా లేరు, ఎవరూ "అబ్బ, ఎంత లోతైన సంగీతం" అని కళ్ళు మూసుకోలేదు. మనం ఇప్పుడు "ఆత్మీయమైన కచేరీ" అంటే దీపాలు తగ్గించి, గుసగుస కూడా లేకుండా వినడం అనుకుంటున్నామే, ఆ పద్ధతి చాలా ఆలస్యంగా వచ్చింది. అసలు చిన్న గది గోలగోలగా ఉండేది.

జో ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు. మధ్యలో చాలా ఏళ్ళు ఫిడేలు పెట్టెలోనే ఉండిపోయింది. ఆడేవాళ్ళు లేకపోతే వాయించడం దేనికి? 1970ల్లో ఒక పరిశోధక విద్యార్థి వెతుక్కుంటూ వచ్చాక మళ్ళీ తీశాడు. 1990లో ఓడెల్‌తో కలిసి కార్నెగీ హాల్‌లో కూడా వాయించాడు. 1994లో ఓడెల్ రోడ్డు ప్రమాదంలో పోయాడు. తర్వాత జోకి పక్షవాతం తగిలింది. కథ ఇక్కడితో అయిపోవాల్సింది.

2005లో బూన్‌లో నల్లజాతి బాంజో కళాకారుల సమావేశం ఒకటి జరిగింది. అక్కడ కలుసుకున్న ముగ్గురు కుర్రాళ్ళు, గ్రీన్స్‌బరో అమ్మాయి రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్, గురువారం సాయంత్రాలు మెబిన్‌లో జో ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పటికాయనకు ఎనభై ఆరు. ఆయన పాఠం చెప్పలేదు. నెమ్మదిగా వాయించి చూపించలేదు, నోట్స్ లేవు. ఆయన వాయిస్తాడు, వీళ్ళు పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే మళ్ళీ అదే పాట వచ్చేదాకా ఆగాలి. కాలేజీలో ఒపెరా చదువుకున్న రియానన్‌కు అది పూర్తిగా వేరే బడి. ఆ ముగ్గురూ కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అనే బృందంగా 2011లో గ్రామీ తీసుకున్నారు. రియానన్‌కు 2023లో పులిట్జర్ కూడా వచ్చింది. ఆ బడి ఫీజు ఎంత అని అడగకండి. (నవ్వులు) జో 2012లో కన్నుమూశాడు.

డర్హమ్‌కి వద్దాం. మనవాళ్ళు చాలామంది అక్కడ పాత పొగాకు గోడౌన్లను బాగుచేసి కట్టిన ఆఫీసుల్లో పని చేస్తున్నారు. మీలో గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఆఁ, చాలామందే ఉన్నారు. మీకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మీ నాన్నగారో తాతగారో రాత్రిళ్ళు బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ నిద్ర కాచే ఉంటారు. మన దగ్గర వర్జీనియా పొగాకు అంటామే, గొట్టాల్లో వేడి పంపి ఆరబెట్టే ఆ పద్ధతికి మూలం ఇక్కడి క్యాస్వెల్ కౌంటీ. 1839లో స్టీఫెన్ అనే బానిస యువకుడి చేతిలో అనుకోకుండా బొగ్గు వేడికి ఆకు పసుపు పచ్చగా మారిందని చెబుతారు. ఇక్కడ కూడా రాత్రంతా బ్యారన్ కాడ కాపలా ఉండాలి. ఊరికే కూర్చోలేక గిటార్ పట్టుకునేవారు. పక్క పొలం వాళ్ళు కూడా చేరేవారు.

ఆకు అమ్ముడయ్యే సీజన్‌లో రైతుల జేబుల్లో డబ్బులు ఆడతాయి. అప్పుడు డర్హమ్‌ గోడౌన్ల బయట వీధి గాయకులు వరస కట్టేవారు. వాళ్ళలో కళ్ళు లేని ఇద్దరు, బ్లైండ్ బాయ్ ఫుల్లర్, రెవరెండ్ గ్యారీ డేవిస్. 1935లో జె.బి. లాంగ్ అనే ఒక షాపు మేనేజర్ వీళ్ళను కారులో న్యూయార్క్ తీసుకెళ్ళి రికార్డు చేయించాడు. ఫుల్లర్ అయిదారేళ్ళలో 120కి పైగా పాటలు రికార్డు చేసి, 1941లో డర్హమ్‌లోనే పోయాడు, నడివయసు కూడా రాకుండా. డేవిస్ న్యూయార్క్ వెళ్ళి హార్లెం వీధుల్లో పాడాడు, ఇంట్లో గిటార్ నేర్పాడు. 1960ల్లో తెల్ల కుర్రాళ్ళు ఆ చిన్న ఇంటికి క్యూ కట్టారు. పాఠానికి అయిదు డాలర్లు. పొద్దున వెళితే సాయంత్రం దాకా కూర్చోవచ్చు. డేవ్ వాన్ రాంక్, స్టెఫాన్ గ్రాస్‌మన్ అక్కడ తేలినవాళ్ళే.

ఫుల్లర్ పద్ధతిని మన తరం దాకా తెచ్చినవాళ్ళలో జాన్ డీ హోల్మన్ ఒకడు. 2021లో పోయాడు, తొంభై దాటాక. డర్హమ్‌లోనే ఉండేవాడు, పెద్ద పెద్ద తవ్వే యంత్రాలు నడిపే ఉద్యోగం. ఆయన గిటార్ ఒక్కటే కాదు, కాళ్ళతో దరువు వేసే బక్ డ్యాన్స్ చేసేవాడు, ఒంటి మీదే దరువు వేసేవాడు. తొడ మీద, ఛాతీ మీద అరచేతులతో కొడుతూ పాడే ఆ దరువును ప్యాటింగ్ జూబా అంటారు. నాట్యం, దరువు, పాట వేరువేరుగా పుట్టలేదని ఆయన ఒక్క మనిషీ నిలబడి చూపించేవాడు.

మరి గుసగుస కూడా లేకుండా వినే ఆ నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది? కాఫీహౌస్‌ల నుంచి. 1958లో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జ్‌లో క్లబ్ 47, అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో యాష్ గ్రోవ్, 1960లో న్యూయార్క్ రాష్ట్రం సరటోగా స్ప్రింగ్స్‌లో కెఫే లీనా. మద్యం లేదు, కాఫీ. కాలేజీ పిల్లలు. న్యూయార్క్ నగరం గ్రీనిచ్ విలేజ్‌లో గ్యాస్‌లైట్ కెఫే అని నేలమాళిగలో ఉండేది. చప్పట్లు కొడితే గాలి గొట్టాల్లోంచి పైనున్న ఇళ్ళకు వినపడి గొడవ అయ్యేదట, అందుకని వేళ్ళతో చిటికెలు వేసేవారు. ఆ పిల్లలు పాత 78 రికార్డులు అరిగేదాకా విన్నారు, ఆ గొంతులు ఇంకా బతికున్నాయేమోనని వెతకడానికి బయల్దేరారు. మిసిసిపీ జాన్ హర్ట్ అనే బ్లూస్ గాయకుడు 1928లో ఒక పాటలో తన ఊరి పేరు అవలాన్ అని చెప్పాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ ఒక్క ఆధారంతో ఊరు పట్టుకుని ఇంటి ముందు దిగాడు. అదే ఏడాది ఆ డెబ్బై ఏళ్ళాయన న్యూపోర్ట్ ఫెస్టివల్‌లో పాడాడు. ఆ తర్వాత బతికింది మూడేళ్ళే.

ఆ పిల్లలు లేకపోతే ఇవాళ నా ప్రసంగమే లేదు. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. వాళ్ళు ప్రేమించారు, ప్రేమతో పాటు పెత్తనం కూడా చేశారు. మన రాష్ట్రం గిటారిస్టు డాక్ వాట్సన్‌ని చూడండి. డీప్ గ్యాప్‌లో 1923లో పుట్టాడు, పసితనంలోనే చూపు పోయింది. 1960లో ఆ వెతికే కుర్రాళ్ళలో ఒకడైన రాల్ఫ్ రింజ్లర్ ఆయన్ను కలిసేనాటికి డాక్ ఒక డ్యాన్స్ బ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాడు. రింజ్లర్‌కు ఎలక్ట్రిక్ నచ్చలేదు, పాతకాలపు గిటారే కావాలన్నాడు. సరే, డాక్ మారాడు, ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. కానీ ఆయన్ను ప్రపంచం ఎందుకు మెచ్చుకుంది? ఫిడేలు పాటల్ని గిటార్ మీద మెరుపులా వాయించినందుకు. ఆ విద్య ఆయనకు ఎక్కడ అబ్బింది? ఆ డ్యాన్స్ బ్యాండ్‌లోనే! బ్యాండ్‌లో ఫిడేలు వాయించేవాడు లేడు, ఆడేవాళ్ళు ఫిడేలు పాటలు కావాలన్నారు, ఈయన ఎలక్ట్రిక్ గిటార్ మీద సాధించాడు. స్వచ్ఛం కాదని పక్కన పెట్టించిన దానిలోంచే వాళ్ళు మెచ్చిన స్వచ్ఛత పుట్టింది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.

మిసిసిపీ బ్లూస్ గాయకుడు సన్ హౌస్‌ది ఇంకో రకం. 1964లో రాచెస్టర్‌లో దొరికాడు. అప్పటికి చాలా ఏళ్ళుగా గిటార్ ముట్టలేదు, పాటలు మర్చిపోయాడు. అలన్ విల్సన్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు పక్కన కూర్చుని ఆయన పాటలు ఆయనకే గుర్తు చేశాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పూల మాలలా ఉంటుంది. మోర్గంటన్‌లో ఎటా బేకర్ అని ఉండేది. 1956లో, నలభై మూడేళ్ళ వయసులో ఆవిడ గిటార్‌ను రికార్డు చేశారు. ఆ ఆల్బమ్ విని దేశమంతా ఒక తరం గిటార్ నేర్చుకుంది. ఆవిడ మాత్రం బట్టల మిల్లులో పని చేస్తూ తొమ్మిది మంది పిల్లల్ని పెంచింది. అరవై ఏళ్ళు వచ్చాకే మిల్లు మాని కచేరీలకు బయల్దేరింది. తొంభై దాటే దాకా వాయించింది. ఇలాంటి పెద్దవాళ్ళకు మందులకు, కరెంటు బిల్లుకు, విరిగిన గిటార్ బాగుచేయడానికి సాయం చేసే మ్యూజిక్ మేకర్ అనే సంస్థను టిమ్, డెనీస్ డఫీ దంపతులు 1994లో మొదలుపెట్టారు. అది హిల్స్‌బరోలో ఉంది. ఈసారి ఆ ఎగ్జిట్ తీసుకోండి.

ఇంటి కచేరీ లెక్క సులువు. ఎవరో తమ లివింగ్ రూమ్‌లో సోఫాలు గోడకు జరిపి మడత కుర్చీలు వేస్తారు. తలా ఇరవై డాలర్లు డబ్బాలో వేస్తారు. అదంతా వాయించేవాళ్ళకే. అలాంటి ఒక కచేరీలో నేను చూసింది చెప్తాను. వాయించే ఆయనకు ఎనభై దాటాయి. రెండో పాటలోనే తీగ తెగింది. పెద్ద స్టేజీ మీదైతే పక్క నుంచి ఒకడు పరిగెత్తుకొచ్చి ఇంకో గిటార్ ఇస్తాడు, జనానికి తెలియనే తెలియదు. ఇక్కడ ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పెట్టెలోంచి చుట్ట చుట్టిన తీగ తీసి, తానే ఎక్కించడం మొదలుపెట్టాడు. చేతులు కాస్త వణుకుతున్నాయి. మర బిగిస్తూ వాళ్ళ మేనమామ కంచర గాడిద గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గాడిద ఏ ఇంటి ముందు ఆగిపోయేదో, ఎందుకు ఆగేదో చెప్తూ మధ్యమధ్యలో తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకాస్త బిగించి, మళ్ళీ గాడిద దగ్గరికి వచ్చేవాడు. తీగ శ్రుతిలోకి వచ్చేసరికి గాడిద కథ అయిపోయింది, అదే ఊపులో పాట మొదలైంది. బూటు మడమ చెక్క నేల మీద దరువు వేస్తోంది, నా కుర్చీ కాళ్ళలోంచి ఆ దరువు తెలుస్తోంది. ప్రోగ్రాం లిస్టులో ఆ పాట ఉందో లేదో ఆయనకే తెలిసి ఉండదు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మన బుర్రకథలో వంత పాడేవాళ్ళు ఉంటారు కదా, "తందాన తాన" అని. ఇదీ అలాంటిదేనా?

జవాబు: పోలిక బాగుంది కానీ ఒకటే అనను. బుర్రకథలో వంత పాడేవాళ్ళు బృందంలో భాగం, వాళ్ళు నేర్చుకుని వస్తారు. ఇక్కడ జో ఫిడేలుకు వంత ఎవరంటే మొక్కజొన్న ఒలిచి అన్నం తిన్న పక్కింటివాడు. వాడు ఏం చేస్తాడో ముందే తెలియదు.

ప్రశ్న: ఇవన్నీ యూట్యూబ్‌లో ఉంటాయి కదా అన్నా. టైనీ డెస్క్ లాంటివి చూస్తే సరిపోదా?

జవాబు: చూడు తమ్ముడూ, తప్పకుండా చూడు. ఆ టైనీ డెస్క్ ఎలా పుట్టిందో తెలుసా? ఎన్‌పీఆర్ రేడియోవాళ్ళిద్దరు ఆస్టిన్‌లో లారా గిబ్సన్ అనే గాయని పాట వినడానికి వెళితే బార్‌లో జనం గోలకు ఒక్క ముక్క వినపడలేదు. దానికన్నా మా ఆఫీసు డెస్క్ దగ్గరికొచ్చి పాడు అన్నారు సరదాగా. 2008లో నిజంగానే వచ్చి పాడింది. అలా చిన్న చోటు కోసం పుట్టిన కార్యక్రమమే అది. కానీ వీడియోలో నువ్వు చప్పట్లు కొడితే ఆయనకు వినపడదు. నువ్వు కొట్టడం వల్ల ఆయన ఇంకో చరణం వాయించడు. నేనింతసేపు చెప్పింది ఆ ఇంకో చరణం గురించే.

ప్రశ్న: ఇప్పుడు ఉన్నవాళ్ళలో ఎవరిని వినాలి?

జవాబు: ఆలిస్ జెరార్డ్‌తో మొదలుపెట్టండి. 1934లో పుట్టింది, చాలాకాలంగా డర్హమ్‌లో ఉంటోంది. 2023లో కూడా కొత్త ఆల్బమ్ తెచ్చింది. 1960ల్లో హేజెల్ డికెన్స్‌తో కలిసి పాడింది, మగవాళ్ళదే అనుకునే బ్లూగ్రాస్ అనే ఫిడేలు, బాంజో సంగీతంలో ఆడవాళ్ళు ముందు నిలబడి పాడటం అప్పటికి అరుదు. హేజెల్‌ది వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల ప్రాంతం. బాల్టిమోర్‌కి వలస వచ్చి ఫ్యాక్టరీల్లో చేసింది. అక్కడ కొండ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళంతా వారాంతాల్లో ఎవరో ఒకరి ఇంట్లో చేరి పాడుకునేవారు. ఆ ఇళ్ళల్లోనే వీళ్ళిద్దరూ కలిశారు. పొట్ట చేత పట్టుకుని ఊరు వదిలినవాళ్ళు అద్దె ఇంట్లో చేరి సొంత ఊరి పాట పాడుకోవడం ఎలా ఉంటుందో, ఈ హాల్లో కూర్చున్నవాళ్ళకు నేను వివరించాలా?

ప్రశ్న: పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

జవాబు: ఇంటి కచేరీకైతే ముందు ఆ ఇంటివాళ్ళను అడగండి. ఎక్కువమంది రమ్మనే అంటారు. వేసవిలో ఈనో నది ఒడ్డున జరిగే ఫెస్టివల్‌కి అడగక్కర్లేదు, పిల్లలే ముందు వరుసలో ఆడుతుంటారు. క్యారబోరోలో రైలు పట్టాల పక్కన లిబ్బా కాటన్ పేరు మీద సైకిల్ దారి ఉంది. పాట వినిపించి సైకిళ్ళు ఎక్కించండి, వాళ్ళకు అదే చాలు.

ప్రశ్న: మనకు నచ్చిన పాట వాయించమని అడగొచ్చా? బాగుండదేమో అని టెన్షన్.

జవాబు: అడగొచ్చు. న్యూ ఆర్లియన్స్‌లో 1961లో మొదలైన ప్రిజర్వేషన్ హాల్ అనే చిన్న గది ఉంది. అక్కడా ముసలి జాజ్ కళాకారులే వాయించేవారు, బెంచీలు, నేల మీద దిండ్లు, మైకు లేదు. అక్కడ గోడ మీద రేట్ల బోర్డే పెట్టారు. మామూలు పాట అడిగితే ఇంత, వేరే రకం పాటకు ఇంత, "ద సెయింట్స్" అడిగితే మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. వచ్చిన ప్రతి టూరిస్టూ అదే పాట అడుగుతాడు మరి. (నవ్వులు) కాబట్టి అడగండి. కాకపోతే డబ్బాలో ముందు ఇరవై వేసి అడగండి, తెలిసిన పాటే కాకుండా "మీ నాన్నగారు వాయించేది ఏదైనా ఉందా" అని కూడా ఒకసారి అడిగి చూడండి.